నీళ్ళలో ఇచ్చింది నీళ్ళలోనే

ఒనేసిము రక్షణ ఉందా, పోయిందా అని ఊరి బయటి పల్లెలో తలా ఒక రకంగా అనుకుంటున్నారు. తీతుకు మాత్రం ఆ అనుమానమే లేదు. పోయింది. శుక్రవారం మధ్యాహ్నం, పోలేరమ్మ కొలుపుల్లో, అందరి కళ్ళముందూ పోయింది.

తన కళ్ళతో చూశాడు గనకే తీతుకు అంత కోపం.

తీతు ఆ పల్లె సంఘానికి కొత్త పాస్టరు. కుర్రవాడు. చదువు బాగా చదివాడు, గొంతు బాగుంటుంది, నిష్ఠ గలవాడు. మందిరంలో చాప వంకరగా పరిచినా ఊరుకోడు. అంత పట్టుదల మనిషికి శుక్రవారం రాత్రంతా కునుకు పట్టలేదు. శనివారం తెల్లవారగానే సైకిలు తీసి, తనకు వాక్యం నేర్పిన నతానియేలు అయ్యగారి ఇంటికి బయల్దేరాడు.

అసలు సంగతి తెలియాలంటే ఆ డప్పు గురించి కొంచెం చెప్పుకోవాలి.

ఒనేసిముకి తల్లిదండ్రులు పెట్టిన పేరు పోలేరయ్య. కొలుపులు జరిగే అమ్మవారి పేరే. తాతల నాటినుంచీ ఊరి డప్పు ఆ ఇంటిదే. ఊళ్ళో పెళ్ళయినా, చావైనా, చాటింపు వేయాలన్నా, "ఒరే పోలేరిగా!" అని ఒక్క కేక వేస్తే చాలు. తింటున్న ముద్ద వదిలేసి డప్పు పట్టుకుని పరిగెత్తాలి. అరుగు మీద కూర్చున్నవాళ్ళు చాలన్నదాకా కింద నిలబడి కొట్టాలి.

అలాంటి మనిషి ఒకరోజు డప్పు దించేసి, ఇక కొట్టనని చెప్పి, తీతు దగ్గరికి వచ్చాడు. తీతు చేతుల మీదుగా బాప్తిస్మం పొందిన మొదటి మనిషి అతనే. మొదటి మనిషంటే ఏ పాస్టరుకైనా తొలిచూలు బిడ్డ లాంటివాడు. తీతు లేఖనాలన్నీ వెతికి, దాసుడిగా ఉండి సహోదరుడైన మనిషి పేరు చూసి, ఒనేసిము అని పెట్టాడు. పల్లెకి ఆ పేరు నోరు తిరగలేదు. పెద్దవాళ్ళు నేసిమయ్య అన్నారు, చిన్నవాళ్ళు నేసిమన్న అన్నారు. ఎవరెలా పిలిచినా అతను ఊఁ అని పలికేవాడు.

ఆ తర్వాత ఎక్కడ సభలు జరిగినా తీతు అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాడు.

"లేచి నిలబడు, ఒనేసిమూ! చూడండి సహోదరులారా, ఈ చేతులు ఒకప్పుడు ఎవరి అరుగు ముందు డప్పు కొట్టాయి? ఈనాడు ఎవరిని స్తుతిస్తున్నాయి?"

జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒనేసిము తల వంచుకుని, కూర్చోమనేదాకా నిలబడేవాడు.

ఆ ఒనేసిము శుక్రవారం నాడు కొలుపుల్లో డప్పు కొట్టాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ బెదిరించలేదు. తనంతట తానే పోయాడు. ఎవరి చేతిలో డప్పో తీసుకుని, గడ్డి మంట మీద కాచి, కళ్ళు మూసుకుని, ఒళ్ళు తెలియకుండా కొట్టాడు. కల్లు కూడా తాగాడు. దారిన పోతున్న తీతు సైకిలు దిగి, గుంపు వెనకనుంచి ఆ కొట్టడం చూశాడు. ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు.

మాట్లాడింది సాయంత్రం. పల్లె వీధి నడిమధ్య నిలబడి మాట్లాడాడు.

"ఒరే పోలేరయ్యా! ఇకనుంచీ నీ పేరు అదే! నువ్వు వదిలేసిన రక్షణ నీకు లేదు. ఆదివారం మందిరంలో అందరి ముందూ చెప్తాను!"

తండ్రి వయసుకి దగ్గరున్న మనిషిని అలా అరే ఒరే అన్నందుకు ఒకరిద్దరు నొచ్చుకున్నారు. అయినా పాస్టరుగారి మాట పాస్టరుగారి మాటే కదా. తెల్లారేసరికి బోరింగు దగ్గర ఆడవాళ్ళు ఒనేసిము భార్య లేయమ్మను చూసి, "పోలేరయ్య పెళ్ళాం వచ్చింది, తప్పుకోండే" అని నవ్వడం మొదలుపెట్టారు. అది నవ్వుతో పోయే సంగతి కాదు. ఆ పల్లె అంటే ఆ సంఘమే. సంఘంలో లేనివాడి ఇంట పెళ్ళికి ఎవరూ రారు, చావుకి ఎవరూ భుజం పట్టరు. ఆదివారం తీతు ఆ మాట అనేస్తే ఒనేసిము కుటుంబం ఊళ్ళో వాళ్ళకీ కాక, పల్లె వాళ్ళకీ కాక మిగిలిపోతుంది.

తీతుకు అదీ తెలుసు. తెలిసే అన్నాడు.

నతానియేలు అయ్యగారు వసారాలో చాప మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. బాగా ముసలివారు. చూపు తగ్గింది, నడక తగ్గింది, కోపం మాత్రం తగ్గలేదు. ఆయన గొంతు వింటే పాత సంఘస్థులు ఇప్పటికీ చేతిలో చుట్ట వెనక్కి దాచుకుంటారు.

"రా తీతూ. కూర్చుని ఈ కుప్ప అందుకో. చేతులు ఊరికే ఉంటే నోరు ఎక్కువ పనిచేస్తుంది."

తీతు కూర్చోలేదు.

"అయ్యగారూ, మీ సెలవైతే రేపు పోలేరయ్యను సంఘంలోంచి తీసేస్తాను."

"పోలేరయ్య ఎవడు? మన సంఘంలో ఆ పేరుగలవాడు లేడే."

"ఒనేసిమండీ. కొలుపుల్లో డప్పు కొట్టాడు."

"విన్నాను. బాగా కొట్టాడటగా."

తీతు ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "మీకు నవ్వులాటగా ఉందా అండీ?"

"నా కళ్ళు చూసి మాట్లాడు. నవ్వుతున్నానా?"

మిరపకాయల ఘాటుకి ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. భుజం మీది తువ్వాలుతో ఒత్తుకుని మళ్ళీ తొడిమలు తీయడంలో పడ్డారు.

తీతు నిలబడే వాదన మొదలుపెట్టాడు. దారి పొడుగునా సిద్ధం చేసుకున్న వాదన అది.

"వెలుగు చూసినవాడు మళ్ళీ పడిపోతే వాడిని తిరిగి నిలబెట్టడం జరగని పని అని లేఖనం హెచ్చరిస్తోందా లేదా?"

"హెచ్చరిస్తోంది."

"మరి?"

"తన గొర్రెల్ని తన చేతిలోంచి ఎవరూ లాక్కుపోలేరని కాపరి మాట ఇచ్చాడా లేదా?"

"ఇచ్చాడండీ. ఎవరూ లాక్కుపోలేరు. గొర్రె తానే దూకేస్తే?"

అయ్యగారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "ఈ ప్రశ్న నేనూ అడిగాను, నీ వయసులో."

"ఎవరేం చెప్పారు?"

"ఒక పెద్దాయన పోతుందన్నాడు. ఇంకో పెద్దాయన పోదన్నాడు. ఇద్దరూ వాక్యం తీసి చూపించారు. ఇద్దరూ గొంతులు పోయేలా అరుచుకున్నారు. చివరికి ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు ముట్టడం మానేశారు."

"మీరేమంటారు?"

"నేను మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాను."

తీతుకు ఒళ్ళు మండిపోయింది. పల్లె మంటల్లో ఉంటే ఈ ముసలాయన మిరపకాయలు ముందేసుకుని కూర్చున్నాడు!

"మీకు తెలియదండీ. మూడూళ్ళ పాస్టర్లూ ఇక నన్ను చూసి నవ్వుతారు. నీ ఒనేసిము సాక్ష్యం డప్పు మీద చెప్తున్నాడటగా అని ఎగతాళి చేస్తారు. ఏ అరుగు ముందునుంచి అతన్ని లేవదీశానో ఆ అరుగు ముందుకే పోయి నిలబడ్డాడు! ఎవడూ పిలవకుండా! ఇవాళ అతన్ని వదిలేస్తే రేపు పల్లె పల్లెంతా పోయి అక్కడ నిలబడుతుంది. అందుకే చెప్తున్నాను. అతని బాప్తిస్మం ఇక చెల్లదు. నేనే ఇచ్చాను, నేనే తీసేస్తాను."

అయ్యగారు చేతిలో మిరపకాయ కింద పడేశారు.

"ఏమన్నావు?"

"నేనే ఇచ్చాను, నేనే..."

"నువ్వు ఇచ్చావు!"

ఆ గొంతుకి వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. ముసలాయన గోడ పట్టుకుని లేచారు. కుప్ప కాలికి తగిలి మిరపకాయలు వసారా అంతా చెదిరిపోయాయి. ఆయన చూడలేదు.

"ఎక్కడ ఇచ్చావురా?"

"లాకుల దగ్గర. కాలువలో. మీరూ ఒడ్డున ఉన్నారు కదండీ."

"ఉన్నాను. నీళ్ళలో ఇచ్చినదాన్ని మందిరంలో మైకు పట్టుకుని ఎట్లా తీస్తావు? నీళ్ళలో ఇచ్చింది నీళ్ళలోనే తియ్యాలి. పద!"

"ఎక్కడికండీ?"

"కాలువకి. అతన్ని కూడా పిలుచుకుపోదాం. పద, నా చేతికర్ర ఇయ్యి."

ఆయన నిజంగానే అంటున్నారో, తనను వెక్కిరిస్తున్నారో తీతుకు తెలియలేదు. కానీ ఆయన అప్పటికే గుమ్మం దిగారు. సైకిలు వెనక ఎక్కి కూర్చుని, "తొక్కు," అన్నారు.

ఒనేసిము ఇంటిముందు గడప మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి కట్టుకున్న పంచె అలాగే ఉంది. లోపలినుంచి లేయమ్మ గొంతు వినిపిస్తోంది. వీళ్ళను చూడగానే చేట చేతపట్టుకునే బయటికి వచ్చింది.

"వచ్చారా! రండి, రండి. పేర్లు పీకే అయ్యగార్లు వచ్చారు, పీటలేస్తా కూకోండి. రాత్రి నించీ ఈ మనిషి మెతుకు ముట్టలా. ఒక పక్క నేను తిడతన్నా, ఇంకో పక్క మీరు తిడతన్నారు. ఎవరి వంతు ముందో తేల్చుకోండి, అందాక నేను బియ్యం చెరుక్కుంటా."

"లేయమ్మా," అన్నారు అయ్యగారు. "మీ ఆయన బాప్తిస్మం తీసెయ్యడానికి వచ్చాం."

లేయమ్మ చేట ఆగిపోయింది. "తీసేస్తారా? అదేమన్నా ముక్కుపుడకా తీసెయ్యటానికి?"

"మా తీతు తీస్తానంటున్నాడు."

"అయితే ముందే చెప్తన్నా. ఈయన పోయి కొట్టొచ్చాడు, ఈయన పాపాన ఈయన పోతాడు. నాది మాత్రం ముట్టుకోబాకండి. నాది నేనియ్యను."

పక్కింటి గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. తీతు చెవులు వేడెక్కాయి. ఒనేసిముకేసి తిరిగి, "పొద్దునైనా బుద్ధి వచ్చిందా? తప్పు చేశానని ఒక్క మాట అంటావా?" అన్నాడు.

ఒనేసిము తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అననయ్యా. వీధిలో నిలబెట్టి ఒరే అన్నాక అననయ్యా."

"నేను ఒరే అన్నదే కనపడిందా? నువ్వు చేసింది కనపడలేదా?"

"కనపడింది. పోయా. కొట్టా. తాగా. కాదన్నానా? నన్నెవరూ లాక్కుపోలా. డప్పు కాచిన వాసన తగిలింది, కాళ్ళు అటే పోయినయ్యి. తియ్యండి మీరు పెట్టింది. ఇయ్యాలే తియ్యండి. నాకూ అదే కావాల."

"విన్నారా అయ్యగారూ? ఎంత పొగరో విన్నారా?"

"విన్నాను. ఇద్దరి మాటా విన్నాను. నడవండి."

లాకులు అక్కడికి కూతవేటు దూరం. ముందు ముసలాయన కర్ర పొడుచుకుంటూ, వెనక ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా వాళ్ళిద్దరూ, ఆ వెనక చేట వదలకుండా లేయమ్మ, ఆమె వెనక పల్లెలో ఖాళీగా ఉన్నవాళ్ళందరూ. కాలువ గట్టుకి చేరేసరికి చిన్నపాటి తిరునాళ్ళయింది. మాఘమాసం. పొద్దెక్కినా చలి వదల్లేదు. లాకుల తలుపుల సందుల్లోంచి నీళ్ళు సన్నగా చిమ్ముతున్నాయి.

"దిగండి," అన్నారు అయ్యగారు.

తీతు చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, నీళ్ళలోకి దిగాడు. ఒనేసిము పంచె ఎగ్గట్టకుండానే దిగాడు.

"మోకాటి లోతులో ఇచ్చావా ఆవేళ? ఇంకా పో. ఆఁ, నడుం దాటనియ్యి. ఇప్పుడు ఆవేళ ఎట్లా పట్టుకున్నావో అట్లా పట్టుకో. కుడిచెయ్యి వీపు మీద. ఎడమ చెయ్యి ఆయన చేతుల మీద."

ఒనేసిము కళ్ళు మూసుకుని రెండు చేతులూ గుండెల మీద కట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే కట్టుకున్నాడు, ఆవేళ లాగే. తీతు అతని వీపు మీద అరచెయ్యి ఆనించాడు. వీపు చలికి వణుకుతోంది.

"ఏం చెప్పమంటారండీ?"

"ఆవేళ చెప్పిందే చెప్పు. ఇస్తున్నానన్న చోట తీసేస్తున్నానని అను. ఒక్క మాట తేడా, అంతే కదా. పెద్ద చదువు చదివినవాడివి, ఒక్క మాట మార్చలేవా?"

ఇక్కడ మన తెలుగు వాక్యం సంగతి ఒకటి గుర్తుచేసుకోవాలి. బళ్ళో అందరం నేర్చుకున్నదే. ఎవరు, ఎవరికి, ఎక్కడ, ఎవరి పేరున, అన్నీ ముందు వస్తాయి. చేసే పని మాత్రం చిట్టచివర వస్తుంది. అది వచ్చేదాకా ఇస్తున్నారో, తీసుకుంటున్నారో, దీవిస్తున్నారో, శపిస్తున్నారో తెలియదు. చెప్పేవాడు ఆ కొసదాకా వచ్చి కూడా మనసు మార్చుకోవచ్చు. వినేవాడు ఊపిరి బిగబట్టుకుని ఆగాల్సిందే.

గట్టు మీద అందరూ అలాగే ఆగారు.

తీతు గొంతు సవరించుకున్నాడు.

"తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున, పోలేరయ్యా, నీకు..."

"ఆగు!" ఒడ్డునుంచి కేక. "పోలేరయ్యకి ఎప్పుడిచ్చావు నువ్వు? ఆవేళ ఏ పేరు పెట్టి పిలిచి ఇచ్చావు? ఇచ్చింది ఒకరికి, తీసుకునేది ఇంకొకరి దగ్గరా? మళ్ళీ మొదట్నించీ చెప్పు."

గట్టు మీద ఎవరో దగ్గారు. తీతు పళ్ళు బిగించాడు. ముసలాయన మీద కోపం, నీళ్ళ మీద కోపం, తన చేతుల్లో కొయ్యలా నిలబడ్డ ఈ మనిషి మీద అన్నిటికంటే ఎక్కువ కోపం.

"తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామమున..." ఒక్క గుక్కలో అనేశాడు. తర్వాత ఆ పేరు అనక తప్పింది కాదు. "ఒనేసిమూ..."

"ఊఁ," అన్నాడు ఒనేసిము.

అలవాటు కొద్దీ పలికాడు. కానీ ఆ ఊఁ దగ్గర తీతు మాట తెగింది. నాలుక అలవాటు ప్రకారం ఇచ్చుచున్నానుకేసి పోతోంది. దాన్ని పట్టుకుని ఆపాడు. ఆపిన చోట ఇంకో మాట పెట్టడానికి చూశాడు.

ఒనేసిము కళ్ళు తెరిచాడు.

"కానియ్యండయ్యా. చలేస్తంది."

"తొందరెందుకు?" తీతు అరిచాడు. చెవి పక్కనే ఉన్న మనిషి మీద కాలువ అవతలికి వినపడేలా అరిచాడు. "అంత బరువైపోయిందా నీకు? ఎప్పుడెప్పుడు వదుల్తుందా అని చూస్తున్నావా?"

"అవునయ్యా, అయింది!" ఒనేసిము కూడా అరిచాడు. "బరువే అయింది! నిన్న పోయా కదా, కొలుపులకి. డప్పు చేతికి తీసుకున్నా. చేతులు ఆడినయ్యి, ఏమీ మర్చిపోలా. మా అయ్య కొట్టిన దరువులన్నీ కొట్టా. ఇంకేముంది, ఇదే మన బతుకు, మళ్ళీ వచ్చి పడ్డాం అనుకున్నా. అరుగు మీంచి పెద్దాయన పిలిచాడు, ఒరే పోలేరిగా, ఇట్టా రారా అని. నేను పోలా."

"ఎందుకు పోలేదు?"

"ఎవర్నో పిలుస్తన్నాడనుకున్నా!" అతని గొంతు పగిలింది. "వెనక్కి తిరిగి చూశా, ఎవడా పోలేరిగాడు అని. నా వెనకాల ఎవరూ లేరు. అందరూ నన్నే చూస్తన్నారు. నలభై ఏళ్ళు పలికిన పేరయ్యా అది. మా అమ్మ పెట్టిన పేరు. నన్ను పిలుస్తన్నారని నాకే తెలియలా. తాగా, తాగితే పోద్దేమోనని తాగా. తాగినా పలకలా. ఏం పెట్టారయ్యా నాకు ఈ నీళ్ళలో? అక్కడికి పోతే నేను అక్కడి మనిషిని కాను. ఇక్కడికొస్తే మీరు వద్దంటన్నారు. తీసెయ్యండి మరి! తీసేస్తే హాయిగా పోయి డప్పు కొట్టుకుంటా!"

గట్టు మీద లేయమ్మ చేట కిందికి దించింది. ఈ మాట ఆమెకీ చెప్పలేదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది.

నతానియేలు అయ్యగారు కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డారు. "విన్నావుగా తీతూ. ఆయన అడుగుతున్నాడు. కానియ్యి."

తీతు మూడోసారి మొదలుపెట్టాడు. ఈసారి అరవలేదు.

"తండ్రి యొక్కయు..."

నీళ్ళు నడుం చుట్టూ మెల్లగా కదులుతున్నాయి.

"కుమారుని యొక్కయు... పరిశుద్ధాత్మ యొక్కయు... నామమున..."

ఇన్నిసార్లు చెప్పిన మాటే. ఎవరి పేరు చెప్పి ఏ పని చేయబోతున్నాడో ఇప్పుడే మొదటిసారి విన్నవాడిలా ఆగాడు.

"ఒనేసిమూ, నీకిచ్చిన బాప్తిస్మమును..."

అంతే. వాక్యం అక్కడ నిలిచిపోయింది. పెదవులు కదిలాయి. ఒకసారి, మళ్ళీ ఒకసారి. రావలసిన మాట ఒక్కటే, చిన్న మాటే, చంటిపిల్లలకి కూడా వచ్చే మాటే. నోటిదాకా తెచ్చుకున్నాడు. అది ముందున్న మాటలతో కలిసి నిలబడటం లేదు. తోసినా నిలబడటం లేదు.

అరచేతి కింద ఒనేసిము వీపు వణుకుతూనే ఉంది. చలికో, కోపానికో తెలియదు.

"చెప్పు," అన్నారు అయ్యగారు.

తీతు మళ్ళీ పెదవులు తడుపుకున్నాడు.

"తీతూ. చెప్పు. అందరూ చూస్తున్నారు."

"మాట రావట్లేదయ్యగారూ."

"ఏ మాట?"

"చివరిది."

ముసలాయన కోపం ఎప్పుడు దిగిందో ఎవరూ గమనించలేదు.

"నాకూ ఎవరూ నేర్పలేదురా," అన్నారు. తర్వాత ఒనేసిముకేసి తిరిగి గొంతు పెంచారు. "నీ సంగతి అయిపోయిందనుకోబాక! నువ్వు చేసినదానికి నా దగ్గర మాటలు బోలెడున్నాయి. అవన్నీ నాకు బాగా వచ్చు. పైకి రా, చెప్తాను."

"తిట్లేగా," అన్నాడు ఒనేసిము, ముక్కు తుడుచుకుంటూ. "వస్తన్నా. తింటా."

కానీ ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. తీతు చెయ్యి అతని వీపు మీదే ఉంది.

గట్టు మీద లేయమ్మకి ఓపిక పోయింది. నీళ్ళ అంచుదాకా వచ్చి, ఒక కాలు తడిసినా చూసుకోకుండా, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగింది.

"ఏందయ్యా ఆ నిలబడటం? తీశారా, లేదా?"

తీతు ఆమెకేసి చూశాడు.

"రాలేదమ్మా," అన్నాడు.